ఇంట్లో తలుపున్న గది ఎవరిది?

(తణుకులో ఒక ఆదివారం సాయంత్రం గ్రంథాలయం హాల్లో చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు తప్ప మరేమీ తీసేయలేదు.)

పెద్దలందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ పిల్లలూ, ముందుకు రండమ్మా, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ముందు వరసలో కూర్చుంటే ప్రశ్నలు అడుగుతానని భయపడకండి. అడుగుతాను, కానీ జవాబు చెప్పక్కర్లేదు.

కార్యదర్శి గారు మొన్న ఫోన్ చేసి, "అమ్మా, ఇరవై మూడేళ్లు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి వచ్చావు, ఇంటి నుంచి పని మంచిదా, ఆఫీసుకి వెళ్లడం మంచిదా, ఒక గంట మాట్లాడి పెట్టు" అన్నారు. నేనన్నాను, "బాబాయి గారూ, ఎవరి ఇల్లు? ఎవరి ఆఫీసు?" అని. ఆయన నవ్వేసి "ఆ మాటే వచ్చి చెప్పు" అన్నారు. సరే, ఆ మాటే చెప్తాను.

ముందు ఒకటి చెప్పండి. ఈ హాల్లో ఉన్నవాళ్లలో ఎంతమంది ఇళ్లలో కొడుకో, కూతురో, కోడలో మేడ మీద లాప్‌టాప్ పెట్టుకుని ఉద్యోగం చేస్తున్నారు? చేతులెత్తండి. చాలామందే ఉన్నారే! 2020కి ముందు ఇదే ప్రశ్న అడిగితే ఒకటీ అరా చేతులు లేచేవేమో. కొడుకు ఇంటి పట్టున ఉన్నాడంటే "ఉద్యోగం పోయిందా అండీ?" అని పరామర్శకి వచ్చేవాళ్లం. ఇప్పటికీ వస్తున్నారు లెండి. మొన్న మా వీధిలో ఒకావిడ నన్నే అడిగింది.

2020 మార్చి నుంచి మొదలుపెడతాను. 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి లాక్‌డౌన్. ఆ నాలుగైదు రోజులు నాకు గుర్తున్నంత బాగా నా పెళ్లి కూడా గుర్తులేదు. నా టీములో నలభై రెండు మంది. సగం మందికి లాప్‌టాపులు లేవు, డెస్క్‌టాపులే. వాటిని దుప్పట్లలో చుట్టి, కార్ల వెనక సీట్లలో పెట్టి, మానిటర్‌కి చంటిపిల్లకి పెట్టినట్టు సీటు బెల్టు పెట్టి ఇళ్లకి పంపాం. ఒక కుర్రాడు స్నేహితుడి బండి వెనక కూర్చుని, సీపీయూ ఒళ్లో పెట్టుకుని కూకట్‌పల్లి దాకా వెళ్లాడు. క్లయింట్ల అనుమతులు రాత్రికి రాత్రి తెచ్చుకున్నాం. కాల్ సెంటర్ల వాళ్లకైతే టెలికాం శాఖ నిబంధనలుండేవి. ఉద్యోగి ఇంటి నుంచి కాల్ తీసుకోవాలంటే కంపెనీ డిపాజిట్ కట్టాలి, ప్రత్యేక కనెక్షన్ పెట్టాలి. ఆ మార్చిలోనే వాటిని సడలించారు. నవంబరు వచ్చేసరికి చాలావరకు ఎత్తేశారు. ఇరవై ఏళ్లుగా కుదరదు, కుదరదు అన్నది ఐదు రోజుల్లో కుదిరిపోయింది.

ఐదు రోజులు. ఇంత నొక్కి ఎందుకు చెప్తున్నానంటే, దీని వెనక నా తప్పు ఒకటి ఉంది.

2018లో నా టీములో ఒకమ్మాయి ఉండేది. మన జిల్లా పిల్లే. ప్రసూతి సెలవు అయిపోవచ్చింది. "మేడమ్, ఇంకో మూడు నెలలు ఇంటి నుంచి చేస్తాను, బిడ్డ అన్నం తినడం అలవాటయ్యాక వచ్చేస్తాను" అంది. అంతకు ముందు ఏడాది, 2017లో, ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించారు. పన్నెండు వారాల సెలవు 26 వారాలయింది. ఆ సంగతి అందరికీ తెలుసు. అందులో ఇంకో వాక్యం కూడా ఉంది. సెలవు అయ్యాక, పనికి వీలుంటే, యజమాని, ఉద్యోగిని ఇద్దరూ ఒప్పుకున్న షరతుల మీద ఆమె ఇంటి నుంచి పని చేసుకోవచ్చు. ఇద్దరూ ఒప్పుకుంటే! ఇటువైపు ఒప్పుకోవాల్సిన మనిషిని నేను. ఒప్పుకోలేదు. పాలసీ లేదన్నాను. డేటా భద్రత అన్నాను. నీకిస్తే అందరూ అడుగుతారన్నాను. మూడింట్లో అబద్ధం ఏదీ లేదు, అసలు కారణం కూడా లేదు. పైవాళ్లు అడిగితే ఏం చెప్పాలా అని నాకు టెన్షన్, అంతే. ఆ అమ్మాయి రాజీనామా ఇచ్చింది. ఆడమేనేజరు దగ్గరికి వెళ్తే అర్థం చేసుకుంటుందని వచ్చి ఉంటుంది పాపం.

రెండేళ్లు తిరక్కుండా నలభై రెండు మందినీ ఇళ్లకి పంపాను. ఆ అమ్మాయి చేసిన పనే. అదే డేటా, అదే క్లయింట్.

అందుకని ఎవరైనా నా దగ్గరికి వచ్చి "ఈ పని ఇంటి నుంచి కుదరదు" అంటే నేను ముందు నమ్మను. అలాగని "ఆఫీసు దండగ" అంటే దాన్నీ నమ్మను. ఎందుకో కాసేపట్లో చెప్తాను.

ఈ ఆలోచన కరోనాతో పుట్టింది కాదు. 1973లో అమెరికాలో జాక్ నీల్స్ అనే ఇంజనీరు దీనికి టెలికమ్యూటింగ్ అని పేరు పెట్టాడు. అప్పట్లో లాస్ ఏంజెలెస్‌లో కార్ల రద్దీ, దానికితోడు చమురు సంక్షోభం. మనుషుల్ని రోడ్డు మీద తిప్పే బదులు పనినే టెలిఫోన్ తీగల మీద పంపితే పోదా అన్నాడు. అయితే ఆయన ముందు చెప్పింది ఇంట్లో కూర్చోమని కాదు. ఉద్యోగులు ఉండే పేటలకి దగ్గర్లో చిన్న చిన్న ఆఫీసులు పెట్టమన్నాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

ఇక ఒక ప్రయోగం గురించి కొంచెం ఓపిగ్గా వినాలి, ఎందుకంటే రెండు పక్షాల వాళ్లూ తమకి కావలసిన ముక్క కోసుకుని చూపిస్తుంటారు. చైనాలో సీట్రిప్ అని ప్రయాణ టికెట్లు అమ్మే కంపెనీ. వాళ్ల కాల్ సెంటరులో 2010, 2011 ప్రాంతంలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ ఆచార్యుడు నికొలస్ బ్లూమ్, ఆయన తోటివాళ్లు ఒక పరీక్ష పెట్టారు. ఇష్టమని ముందుకొచ్చినవాళ్లలో పుట్టిన తేదీ సరిసంఖ్య అయితే ఇంటికి, బేసి సంఖ్య అయితే ఆఫీసుకి. ఇంటికి వెళ్లినవాళ్లు వారంలో నాలుగు రోజులు ఇంట్లో, ఒక రోజు ఆఫీసులో. తొమ్మిది నెలలు నడిపారు.

ఏం తేలింది? ఇంట్లో ఉన్నవాళ్ల పని 13 శాతం పెరిగింది. ఇక్కడిదాకా ఒక పక్షం వాళ్లు చెప్తారు. అందులో ఎక్కువ భాగం ఎక్కడి నుంచి వచ్చింది? విరామాలు తగ్గి, సిక్ లీవులు తగ్గి, ఎక్కువ నిమిషాలు పని చేయడం వల్ల. అంటే టీ తాగడానికి లేవలేదు, జ్వరమొచ్చినా లాగిన్ అయ్యారు. నిమిషానికి తీసుకునే కాల్స్ పెరిగింది కొద్దిగానే. ఉద్యోగం మానేసేవాళ్లు సగానికి సగం తగ్గారు. కానీ అంతే పనితనం చూపించినా ప్రమోషన్లు మాత్రం ఇంట్లో ఉన్నవాళ్లకి తక్కువ వచ్చాయి. కళ్ల ముందు లేనివాడు గుర్తుకి రాడు. ఇక్కడి నుంచి రెండో పక్షం వాళ్లు అందుకుంటారు.

తర్వాత జరిగింది ఎవరూ చెప్పరు. కంపెనీ అందరికీ "మీ ఇష్టం, మళ్లీ ఎంచుకోండి" అంది. ప్రయోగంలో ఉన్నవాళ్లలో సగానికి పైగా చోటు మార్చుకున్నారు. ఇల్లు ఇల్లని ఎగబడ్డవాళ్లే ఒంటరిగా ఉండలేక ఆఫీసుకి వచ్చేశారు. అలా ఎవరి చోటు వాళ్లు ఎంచుకున్నాక 13 శాతం లాభం దాదాపు 22 శాతమైంది. నాకు ఈ మొత్తం గొడవలో అన్నిటికన్నా పనికొచ్చే అంకె ఇదే. ఇల్లు గెలిచిందీ కాదు, ఆఫీసు గెలిచిందీ కాదు. అడిగారు, అందుకు పెరిగింది.

అదే కంపెనీలో, పేరు ట్రిప్ డాట్ కామ్ అయ్యాక, 1,612 మందితో మళ్లీ చేశారు. 2024లో నేచర్ పత్రికలో వచ్చింది. ఈసారి ఇంజనీర్లు, మార్కెటింగువాళ్లు, చదువుకున్న ఉద్యోగులు. బుధ, శుక్రవారాలు ఇల్లు, మిగతా రోజులు ఆఫీసు. మానేసేవాళ్లు మూడో వంతు తగ్గారు. పనితనం, ప్రమోషన్లు ఏమీ దెబ్బతినలేదు. పని పడిపోతుందని ముందు అనుకున్న మేనేజర్లే చివరికి అభిప్రాయం మార్చుకున్నారు. నాలాంటివాళ్లు కూడా మారతారన్నమాట.

ఒక్క సంగతి మర్చిపోయాను. ఆ మొదటి ప్రయోగంలో చేరాలంటే ఇంట్లో నెట్ ఉండాలి. ఇంకా, విడిగా ఒక గది ఉండాలి.

ఇప్పుడు మన ఇళ్లకి రండి.

మాది కూకట్‌పల్లిలో రెండు పడగ్గదుల ఫ్లాట్. లాక్‌డౌన్‌లో నేను, మా ఆయన, పదో తరగతి పిల్లాడు, మా అత్తగారు. ఇద్దరం ఒకే హోదా ఉద్యోగాలు, నా జీతం కాస్త ఎక్కువ కూడా. ఒక గదిలో అత్తగారు. తలుపేసుకునే రెండో గది ఎవరికి వచ్చింది? చెప్పండి. ఆడవాళ్లు నవ్వుతున్నారు, వాళ్లకి తెలుసు. ఎవరూ కూర్చుని తీర్మానం చేయలేదండీ. మా ఆయన మంచివాడే, ఇక్కడే ఉన్నారు, తల దించుకోకండి. మొదటి రోజు ఆయన కాల్ ముందు మొదలైంది, లోపలికి వెళ్లి తలుపేసుకున్నారు. ఇక అది ఆయన గది అయిపోయింది. నేను డైనింగ్ టేబులు దగ్గర, వంటింటి గుమ్మానికి ఎదురుగా. న్యూజెర్సీ క్లయింటుతో మాట్లాడుతుంటే వెనక కుక్కరు మూడో కూత. మ్యూట్ చేసి "కట్టేయండి" అని అరవడం, మ్యూట్ తీసి "సారీ, చెప్పండి" అనడం. ఒకసారి మ్యూట్ చేయడం మర్చిపోయాను. క్లయింటు వైపు పదిహేను మంది నా పప్పు మాడిపోవడం విన్నారు.

ఆఫీసుకి వెళ్లిన రోజుల్లో, సాయంత్రం ఆరు దాకా నేను ఇంట్లో లేను కాబట్టి, ఇంటి పని నన్ను వెతుక్కుంటూ రాలేదు. ఇంట్లో ఉన్నానంటే "ఇంట్లోనే ఉన్నావుగా". ఈ ఒక్క మాట ఎన్నిసార్లు విన్నానో! గ్యాస్ సిలిండరు వస్తుంది, ఇంట్లోనే ఉన్నావుగా. చుట్టాలొస్తున్నారు, ఇంట్లోనే ఉన్నావుగా. పెద్దలు కోప్పడకండి, మీకో ప్రశ్న. మీ అబ్బాయి మేడ మీద పని చేసుకుంటుంటే కాఫీ పైకి పంపిస్తారు కదా. కోడలు కూడా అదే పని చేస్తుంటే కాఫీ ఎవరు పెడతారు? జవాబు చెప్పక్కర్లేదని ముందే అన్నాను.

అందుకని "ఆడవాళ్లకి ఇంటి నుంచి పని వరం" అని ఎవరైనా అంటే నాకు సగమే నిజమనిపిస్తుంది. ప్రయాణంలో రెండున్నర గంటలు మిగిలాయి, నిజమే. మిగిలిన ఆ గంటలు ఎక్కడికి పోయాయి? వంటింటి గట్టు మీదికి, సింకు దగ్గరికి.

అయినా కొంతమందికి నిజంగా వరమే. మా టీములో పోలియో ఉన్న అబ్బాయి ఒకడు, మంచంలో ఉన్న తండ్రిని చూసుకునే ఇంకొకడు. ఆ ఇద్దరూ ఆ రెండేళ్లలో చేసినంత బాగా ఎప్పుడూ చేయలేదు.

ఇక వెనక్కి పిలవడం. 2023 అక్టోబరు నుంచి టీసీఎస్ వారానికి ఐదు రోజులూ రమ్మంది. అమెజాన్ 2025 జనవరి నుంచి ఐదు రోజులంది. అన్నిటికన్నా విచిత్రం, మనందరికీ వీడియో కాల్ అంటే ఏమిటో నేర్పిన జూమ్ కంపెనీయే 2023లో ఆఫీసుకి 50 మైళ్ల లోపు ఉన్నవాళ్లని వారానికి రెండు రోజులు రమ్మంది. జిలేబీ అంగడివాడు పిల్లల్ని తీపి తినొద్దన్నట్టు.

ఎందుకు పిలిచారు? బయటికి చెప్పేది కలిసి పని చేయడం, సంస్కృతి. నేను ఆ మీటింగుల్లో కూర్చున్నదాన్ని, కొన్ని చెప్తాను. కొన్ని ఆఫీసులు ప్రత్యేక ఆర్థిక మండళ్లలో ఉంటాయి, సెజ్ అంటాం. అక్కడ పన్ను రాయితీలుంటాయి. పని ఆ గేటు లోపలే జరగాలన్న లెక్క మీద ఇచ్చినవి. మనుషులు ఇళ్లలో ఉంటే ఆ లెక్క ఎలా? 2022 జులైలో కేంద్రం నిబంధన మార్చి, సగం మంది దాకా, ఏడాది పాటు ఇంటి నుంచి చేయొచ్చంది. తర్వాత ఇంకా సడలించింది. తొమ్మిదేళ్లకి లీజు రాసుకున్న భవనం ఖాళీగా ఉంటే అద్దె కట్టేవాడికి కడుపుమంట ఉంటుంది. రెండు చోట్ల ఉద్యోగం చేసేవాళ్ల భయం ఒకటి. 2022లో విప్రో తమ పోటీ కంపెనీలకి పని చేస్తున్న 300 మందిని తీసేశామని చెప్పింది. ఇవన్నీ నిజమైన కారణాలే. కానీ వీటిలో ఒక్కటైనా ఉద్యోగికి ఇలాగే విడమరిచి చెప్పారా? చెప్పలేదు. "కుటుంబంలా కలిసుందాం" అన్నారు.

పిలిచాక ఏమైంది? హాజరు బ్యాడ్జి స్వైపుల్లో, అంటే గేటు దగ్గర గుర్తింపు కార్డు ఎన్నిసార్లు గీకామన్న దాంట్లో, లెక్కపెట్టారు. లెక్కపెట్టేది స్వైపు అయినప్పుడు మనవాళ్లు ఇచ్చేదీ స్వైపే. పొద్దున పదింటికి వచ్చి, స్వైప్ చేసి, కాఫీ తాగి, స్నేహితులతో ఫోటో దిగి, ట్రాఫిక్ పెరక్కముందే ఒంటిగంటకి వెళ్లిపోయేవాళ్లు. ఉండిపోయినవాళ్లు చెవులకి హెడ్‌సెట్ పెట్టుకుని పుణెలో ఉన్న సహోద్యోగితో వీడియో కాల్‌లో ఉండేవాళ్లు. గచ్చిబౌలి వంతెన మీద గంటన్నర కూర్చుని వచ్చి చేసిన పని అదే. నేను ఆ హాజరు పట్టిక ప్రతి శుక్రవారం చూసి సంతకం పెట్టేదాన్ని.

వానాకాలంలో ఇంకో తమాషా. 2023 జులై చివర్లో భారీ వర్షాలకి సైబరాబాద్ పోలీసులు ఐటీ కంపెనీలని దశలవారీగా లాగవుట్ చేయించమన్నారు. కొందరిని మూడింటికి, కొందరిని నాలుగున్నరకి. కంపెనీలు విన్నాయి. అంటే ఎవరెప్పుడు రావాలో, ఎప్పుడు వెళ్లాలో సర్దొచ్చు. ట్రాఫిక్ పోలీసు చెప్తే సర్దొచ్చు, ఉద్యోగి అడిగితే పాలసీ లేదు.

ఇంతవరకు విని కుర్రాళ్లు సంతోషంగా ఉన్నారు. ఇప్పుడు మీకు నచ్చని మాట.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తప్ప చుట్టూ రాళ్లూ తుప్పలూ ఉన్న రోజుల్లో, నా పక్క సీటులో ఒక సీనియర్ ఉండేవాడు. ఆయన నాకేమీ నేర్పలేదు. అసలు నాతో మాట్లాడేవాడే కాదు. కానీ క్లయింటుతో ఫోన్లో మాట్లాడేవాడు. తప్పు మనదైతే ఎలా ఒప్పుకోవాలి, వాళ్లదైతే వాళ్లకి నొప్పి తెలియకుండా ఎలా చెప్పాలి, "రేపటికి అవుతుంది" అనకూడని చోట ఎలా ఆగాలి. ఆరు నెలలు ఆ గొంతు నా చెవిలో పడింది. ఇవన్నీ ఏ శిక్షణలోనూ చెప్పరు. వంట కూడా అంతే కదండీ, మా అమ్మ నాకు చింతకాయ పచ్చడి ఏనాడూ నేర్పలేదు, పక్కన కూర్చోబెట్టుకుంది, అంతే.

2021లో నా టీములోకి ఒక కుర్రాడు వచ్చాడు. వాళ్ల ఊళ్లో చెరువు గట్టున వేపచెట్టు కింద సిగ్నల్ దొరుకుతుందని అక్కడ కూర్చుని పని చేసేవాడు. తెలివైనవాడు. మూడు రోజులు ఒకే తప్పు దగ్గర ఆగిపోయాడు. రోజూ పొద్దున కాల్‌లో "చేస్తున్నాను మేడమ్" అనేవాడు. నాలుగో రోజు నేనే ఫోన్ చేసి చూస్తే పది నిమిషాల్లో తేలే పని. "ఎందుకు అడగలేదురా?" అంటే, "ఎవరిని అడగాలో తెలియలేదు మేడమ్, ఎవరికి ఖాళీ ఉందో కనబడదు కదా" అన్నాడు. ఆఫీసులో అయితే వాడి మొహం చూసి పక్కవాడే అడిగేవాడు, ఏమైందిరా అని. ఏడాదిన్నర నా కింద పని చేసి వెళ్లిపోయాడు. నేను వాడి మొహం కాల్‌లో తప్ప చూడలేదు.

ఇంటి నుంచే చేస్తాం అని గట్టిగా వాదించేవాళ్లు ఎవరో చూశారా? ఎక్కువగా నాలాంటివాళ్లే. పదిహేనేళ్లు, ఇరవై ఏళ్లు అనుభవం. మాకు పని వచ్చేసింది, పదిమందీ తెలుసు, సొంత ఫ్లాట్ ఉంది. మేము విస్తరి ముందు కూర్చుని కడుపునిండా తిని లేచి, వెనక పంక్తి వాళ్లతో "వడ్డన అక్కర్లేదు, పొట్లం కట్టించుకుని ఇంటికి పోండి" అంటున్నాం. కాబట్టి కొత్తగా చేరే పిల్లలకి నా మాట, మొదటి రెండేళ్లు వెళ్లండి. హాస్టల్లో సాంబారు బాగుండదు, తెలుసు. వెళ్లండి. కంపెనీలకీ ఇదే మాట. పిల్లల్ని రమ్మని, నేర్పేవాళ్లు ఇంట్లో కూర్చుంటే పిల్లలు ఎవరి దగ్గర నేర్చుకోవాలి? పెద్దవాళ్లూ వారానికి రెండు రోజులు రావాలి, ఒకే రెండు రోజులు రావాలి. మిగతాది టీముని తేల్చుకోనివ్వండి. పదివేల మందికి ఒకే మెయిల్ వద్దు.

హాస్టళ్లంటే గుర్తొచ్చింది. మన జిల్లా నుంచి వెళ్లి అమీర్‌పేట, మాదాపూర్ వైపు హాస్టళ్లు, కర్రీ పాయింట్లు నడిపినవాళ్లు ఈ హాల్లో ఉన్నారు. భవనం మొత్తం అద్దెకి తీసుకుని, మంచాలు కొని, మార్చి నెలలో ఒక్కసారిగా ఖాళీ అయినవాళ్లు. కిస్తీల మీద కారు కొని కంపెనీకి క్యాబ్ పెట్టినవాళ్లు. ఆఫీసు ఊడ్చే ఆయాలు, గేటు దగ్గర సెక్యూరిటీ. వాళ్లకి ఇంటి నుంచి పని అనేదే లేదు. టీవీ చర్చల్లో వీళ్లని ఎవరైనా పిలిచారా? వీళ్ల కోసం అందరూ ఆఫీసుకి వెళ్లాలని నేను అనను, ఆ లెక్క సరికాదు. కానీ కంపెనీ ఖర్చు మిగిలింది అన్నప్పుడు ఆ మిగిలింది ఎవరి జేబులోంచో కూడా చెప్పాలి. కరెంటు బిల్లు ఉద్యోగిది, కుర్చీ ఉద్యోగిది, ఇన్వర్టరు ఉద్యోగిది. నడుంనొప్పి కూడా.

ఇక్కడ మళ్లీ ఆ జాక్ నీల్స్ మాటకి వస్తాను. పేటకి దగ్గర్లో చిన్న ఆఫీసు. మన రాష్ట్రంలో 2025 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి, ముఖ్యంగా మహిళల కోసం, ఇంటి నుంచి పనిని పెద్ద ఎత్తున తేవాలని చెప్పారు. చిన్న పట్టణాల్లో, మండలాల్లో పని చేసుకునే చోట్లు కట్టేవాళ్లకి ప్రోత్సాహకాలన్నారు. కట్టినప్పుడు చూద్దాం. కానీ ఆ అవసరం మాత్రం నాకు కంటికి కనిపిస్తోంది. ఈ ఊళ్లో తలుపున్న గది దొరకని కోడళ్లు, కూతుళ్లు ఎంతమందో! వాళ్లకి హైదరాబాదు ఆఫీసు అక్కర్లేదు, ఇంటి డైనింగ్ టేబులూ అక్కర్లేదు. నడిచి వెళ్లగలిగే దూరంలో ఒక బల్ల, ఒక కుర్చీ, కరెంటు పోతే ఆగని నెట్, శుభ్రమైన బాత్రూము. "ఇంట్లోనే ఉన్నావుగా" అనే మాట వినపడని చోటు.

అదిగో, చివర్లో ఆ బాబు చెయ్యెత్తాడు. చెప్పు నాన్నా. ఓహో, వచ్చే నెల నుంచి రమ్మన్నారా? ఎన్నేళ్ల అనుభవం? ఎనిమిదేళ్లు. నాన్నగారికి బాగోలేదా? అయితే ఉత్త "నాకు కుదరదు" అని మెయిల్ పెట్టకు. ఏ పని ఎక్కడి నుంచైనా అవుతుందో, ఏ పనికి నువ్వు కచ్చితంగా వెళ్లాలో రాసి, ఎప్పుడెప్పుడు వస్తావో తేదీలతో సహా నువ్వే చెప్పు. మేనేజరుకి పైవాళ్లకి చెప్పుకోవడానికి ఒక కాగితం కావాలి. నాకు 2018లో ఆ అమ్మాయి అలాంటి కాగితం ఇచ్చి ఉంటే ఒప్పుకునేదాన్నా? ఏమో, చెప్పలేను. అసలు ఆ కాగితం రాయాల్సింది నేను.

కార్యదర్శి గారూ, చివరిగా మీకో ప్రశ్న, దీనికి మాత్రం జవాబు చెప్పాలి. ఈ హాలు పొద్దున పదకొండు నుంచి సాయంత్రం నాలుగు దాకా ఖాళీగానే ఉంటుంది కదా? నేను వచ్చేటప్పుడు చూశాను, పన్నెండు బల్లలున్నాయి. ప్లగ్ పాయింట్లు ఎన్ని? రెండా? ఒకటి ఈ ఫ్యాన్‌కి, ఒకటి ఈ మైకుకి. సరే, ఎలక్ట్రీషియన్‌ని రేపు పొద్దున నేను పంపిస్తాను, డబ్బు సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ఇక మైకు కట్టేయండి, ఆ ప్లగ్గు ఖాళీ అవుతుంది.